వరసలో చివరి కప్పు

"పులిసింది," అంది నాలుకమ్మ.

నోట్లో ఉన్న టీని పక్కనున్న తొట్టిలోకి ఉమ్మేసి, చెంచా బల్ల మీద పెట్టి, నడుం నిలబెట్టుకుంది. మేనేజరు గడ్డం గోక్కున్నాడు. కెటిళ్ల దగ్గరుండే నీళ్లావిడ చేతిలో మసిగుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గోదాము బాధ్యత చూసే, అందరూ గోదాము అన్నయ్య అని పిలిచే మనిషి గుమ్మం దగ్గర నిలబడి, ఆ మాట తనను గురించి కాదన్నట్టు ఒక్క క్షణం చూసి, తర్వాత తల దించుకున్నాడు.

ఆ టీ కంపెనీలో ఆమె అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. లారీ డ్రైవర్ల నుంచి యజమాని దాకా అందరికీ ఆమె నాలుకమ్మే. తోటల నుంచి వచ్చిన పొడి కొనాలా వద్దా, కొన్నదాన్ని దేనితో కలపాలి, గోదాములో నిలవున్నది బాగుందా చెడిందా, అన్నీ ఆ నాలుక మీదే తేలాలి. తేమ కొలిచే మీటరు ఒకటి ఉంది గానీ దాని బతుకు అంతంత మాత్రమే. మీటరు ఒకటి చూపించి ఆమె ఇంకొకటి చెప్పిందంటే, మేనేజరు వెంటనే మీటరుకు బ్యాటరీ మార్పించేవాడు.

రుచి చూడటానికి ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. పొడవాటి బల్ల మీద తెల్ల పింగాణీ కప్పులు వరసగా పెడతారు. తోటల నుంచి కొత్తగా వచ్చిన పొడి ముందు, గోదాములో నిలవున్న పొడి చివర. ఎందుకలా అని అడిగితే చెప్పగలిగినవాళ్లు లేరు, ఆమెకు ముందు ఆ కుర్చీలో ఉన్న పెద్దాయన కాలం నుంచీ అంతే. ఆమె బల్ల మీదికి బాగా వంగి, చెంచాతో టీ తీసుకుని జుర్రుమని లాగి, నాలుక చుట్టూ తిప్పి, ఉమ్మేసి, పక్క కప్పుకు జరుగుతుంది. ఆ కొస నుంచి ఈ కొస దాకా వంగిన నడుం వంగినట్టే ఉంటుంది. మింగడమన్నది లేదు. ఆమె తీర్పు చెప్పేదాకా ఇంకెవరూ చెంచా ముట్టరు, చెప్పాక ముట్టాల్సిన పని ఎవరికీ కనిపించదు.

"పోయినసారీ ఇదే మాటన్నారు," అన్నాడు మేనేజరు. తర్వాత గుమ్మం వైపు తిరిగి, "గోదాములోకి నీళ్లేమన్నా దిగుతున్నాయా? కిటికీలేమన్నా తెరిచి పెడుతున్నావా?" అన్నాడు.

"లేదండీ. పెట్టెలు గోడకు ఆనించను కూడా ఆనించను."

"మరి ఊరికే పులుస్తుందా?"

గోదాము అన్నయ్య ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉండి ఉంటే బాగుండేదని ఆమెకు తర్వాత అనిపించింది. "అమ్మ అన్నారంటే అయ్యే ఉంటుందండీ. ఎక్కడో నేనే చూసుకోలేదేమో," అని నీళ్లు నమిలాడు.

"సంగతి తేలేదాకా ఇంటి దగ్గర ఉండు," అన్నాడు మేనేజరు.

అతను నడుముకున్న తాళాలగుత్తి ముడి విప్పబోయాడు. ఆ ముడి ఎంతకీ రాలేదు. ఏళ్ల తరబడి బిగుసుకున్న ముడి. చివరికి నీళ్లావిడే వెళ్లి, గోటితో లాగి విప్పి, తాళాలు బల్ల మీద పెట్టింది.

నాలుకమ్మకు లోపల ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. పొడి వాసన చూసినప్పుడు దానికి ఏ లోటూ లేదు. నానిన ఆకును ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడూ లేదు. నోట్లో పడ్డాకే పులిసింది. పులిసిన టీ ముక్కుకు తెలియకుండా దాక్కోవడం ఆమె ఎన్నడూ ఎరగదు. అయినా నాలుక చెప్పాక ముక్కు మాట ఎవరు వింటారు? ఆమె కూడా వినలేదు.

*

సాయంత్రం భోజనం దగ్గర మొగుడు ఎదురుగా కూర్చున్నాడు. ఆయన లిఫ్టుల మెకానిక్కు. ఊళ్లో ఎత్తయిన భవనాలన్నిటికీ ఆయనే దిక్కు. ఎక్కడ లిఫ్టు ఆగినా లోపలివాళ్ల కేకలకంటే ముందు ఆయన ఫోను మోగుతుంది.

"ఏమిటే, ఆ నాలుగు మెతుకులు? పిచ్చుక కూడా ఇంతకంటే బాగా తింటుంది."

"పొద్దుట్నుంచీ టీలతోనే సరిపోతోంది. ఆకలి చచ్చిపోయింది."

"ఉమ్మేసే టీలకు ఆకలి చావడమేమిటి?"

ఆమె నవ్వేసింది. తిన్న నాలుగు ముద్దలూ కంఠం దాటాయి గానీ రొమ్ము ఎముక వెనకాల ఆగాయి. లోపల ఎవరో కూర్చుని, పంపిన ప్రతి ముద్దనూ చేత్తో పట్టుకుని, ఇప్పుడే కాదంటున్నట్టుంది. నీళ్లు తాగితే నీళ్లు ఆ ముద్దల మీద నిలబడ్డాయి. ఆ బరువు కిందికీ దిగదు, పైకీ రాదు. ఇంతకు ముందు చూసిన డాక్టరు ఎసిడిటీ మాత్రలిచ్చి, అవి పనిచేయకపోయేసరికి మనసు ప్రశాంతంగా ఉంచుకోమని చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచీ ఆమె ఎవరికీ చెప్పడం మానేసింది. పైగా గొంతులో రోగం ఉందని తెలిస్తే టీ రుచి చూసే పని ఎవరిస్తారు?

మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లింది. తలుపు దగ్గరగా వేసి, మునివేళ్ల మీద లేచి, చేతులు రెండూ పైకెత్తి, మెడ వెనక్కి వాల్చి నిలబడింది. అలా నిలబడితే ఒక్కోసారి దిగుతుంది. లోపల గరగరమని చప్పుడైంది. అది కడుపులో ఆకలి చప్పుడు కాదు. గోడ అవతల ఎవరో పుక్కిలిస్తున్నట్టు, ఛాతీ మధ్య నుంచి వస్తోంది.

"ఏం చేస్తున్నావక్కడ?"

ఉప్పు కోసం వచ్చిన మొగుడు గుమ్మంలో ఆగిపోయాడు. చేతులు పైకెత్తి, కాళ్లు నేలకు సరిగా ఆనకుండా, కదలకుండా నిలబడ్డ పెళ్లాన్ని చూసి ఆయన మొహం పాలిపోయింది.

"అటక మీద డబ్బా తీద్దామని."

"అటక అటువైపు కదే," అన్నాడాయన నెమ్మదిగా. తర్వాత ఉప్పు సంగతి మరిచిపోయి, ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందా అని కుళాయి వైపు చూశాడు. కుళాయి కట్టేసే ఉంది.

మర్నాడు పొద్దున్న ఆమె లేచేసరికి తలగడ తడిగా ఉంది. తడిలో మూడు బఠానీ గింజలు. బఠానీలు వండింది నిన్న కాదు, మొన్న. వాటి ఆకుపచ్చ రంగు కూడా పోలేదు. మొగుడు ఒక గింజను వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురుకెత్తి చూశాడు, ఏదో మిషన్లోంచి ఊడి పడిన మరమేకును చూసినట్టు.

"ఇది ఇన్నాళ్లూ ఎక్కడుంది?" అన్నాడు.

ఆమె గలేబు తీసి నీళ్లలో నానేసింది. జవాబు ఆమెకూ తెలియదు. తను తిన్నది తనలోకి వెళ్లకుండా, తనలోనే ఇంకెక్కడో ఎవరో దాచిపెడుతున్నారని, అది ఎప్పుడు బయటికివ్వాలో వాళ్లే నిర్ణయిస్తున్నారని అనిపించింది. ఆ మాట అన్నదంటే పిచ్చాసుపత్రికి తీసుకెళ్తారు. అందుకే అనలేదు.

*

ఆ రోజు ఆమె గోదాము తాళాలు అడిగి తీసుకుంది. ఒకసారి తన కళ్లతో చూస్తే మనసు కుదుటపడుతుందనుకుంది. కుదుటపడితే అన్నయ్యకు కబురు చేయవచ్చు.

గోదాము ఎత్తుగా, చల్లగా, పట్టపగలే మసక వెలుతురులో ఉంది. చెక్కపెట్టెలు దొంతరలుగా ఉన్నాయి, ఏదీ గోడకు ఆనలేదు. అతను చెప్పింది నిజమే. నేల ఊడ్చి ఉంది. అతను కూర్చునే పీట మీద మడత పెట్టిన తువ్వాలు ఉంది. మనిషి ఇప్పుడే లేచి అటు వెళ్లాడన్నట్టు ఉంది గాని, తలుపు తాళం తీసింది ఆమే.

నిలబడి గట్టిగా గాలి పీల్చింది. ఎండిన ఆకు వాసన, చెక్క వాసన. ఏ తప్పూ లేదు. ప్రాణం తేలికపడింది. ఒక పెట్టె మూత తీసి, అడుగున ఉన్న పొడి చూద్దామని లోపలికంటా వంగింది.

పులుపు వచ్చింది.

గబుక్కున నిలబడింది. నోట్లో టీ లేదు. పొడి పలుకైనా పెట్టుకోలేదు. అయినా నాలుక మొదట్లో అదే రుచి, నిన్న చివరి కప్పుల్లో ఉన్న రుచి. రెండో పెట్టె తెరిచి వంగింది. అక్కడా అంతే. అట్టడుగు వరసలో మూలనున్న పెట్టె మీదికి వంగేసరికి పులుపుతో పాటు ఒక వెచ్చని గుటక గొంతులోకి ఎగదన్నింది, వెనకాల ఎవరో దగ్గరగా నిలబడి మెడ మీద ఊపిరి వదిలినట్టు. తిరిగి చూసింది. ఎవరూ లేరు. పీట, తువ్వాలు, దొంతరలు. ఆమె అక్కడ ఇక నిలవలేకపోయింది. తాళం కూడా వేయకుండా బయటికి వచ్చేసింది.

సరిగ్గా అక్కడే ఆమె తప్పు చేసింది. ఆమె బుర్రలోకి ఇంకే ఆలోచనా రాలేదు. నాలుక మీద అంత నమ్మకం. మేనేజరు గదిలోకి వెళ్లి, "ఒకటీ రెండూ కాదండీ. గోదాము మొత్తం పట్టేసింది. లోపలికెళ్తే గాల్లోనే తెలుస్తోంది," అంది.

మేనేజరు తల పట్టుకున్నాడు. "అయితే ఇక ఇంటి దగ్గర ఉండమనడమెందుకు? పూర్తిగా తీసేయడమే. వారం చివర్లోగా సరుకంతా పారబోయించాలి." ఫోనందుకున్నాడు. అవతల గోదాము అన్నయ్య ఏమన్నాడో ఆమెకు వినిపించలేదు. మేనేజరు మాత్రం ఫోను పెట్టేసి, "వింతగా ఉందే. ఒక్క మాట ఎదురు చెప్పలేదు," అన్నాడు.

మధ్యాహ్నం తెచ్చుకున్న రొట్టెముక్క ఆమెకు సగంలోనే ఆగింది. ఈసారి ఆగడంతో పోలేదు. రొమ్ము వెనక పిడికిలి బిగించినట్టు నొప్పి వచ్చి, నుదుటి మీద చెమటలు పట్టి, నీళ్లావిడ భుజం పట్టుకుని కూర్చుండిపోయింది. నీళ్లావిడ కబురు చేస్తే లిఫ్టు మెకానిక్కు నూనె చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. అది గుండెనొప్పేమోనని దారంతా ఆయన గుండె చేతిలో పెట్టుకున్నాడు.

*

గుండెకేమీ కాలేదని పెద్దాసుపత్రిలో ముందే తేల్చారు. మొగుడు బఠానీల సంగతి చెప్పాడు, చెప్పొద్దని ఆమె కళ్లతో ఎంత సైగ చేసినా. ఆ మాట వినగానే డాక్టరమ్మ చేతిలో ఉన్న కలం కింద పెట్టింది. మనసు ప్రశాంతంగా ఉంచుకోమని మాత్రం అనలేదు.

"గట్టి పదార్థాలేనా, నీళ్లు కూడా ఆగుతాయా?"

"నీళ్లు కూడా."

"పైకి వచ్చింది చేదుగా ఉంటుందా?"

"లేదు. పుల్లగా ఉంటుంది. పులిసిపోయిన పిండిలాగా."

"కడుపు దాకా వెళ్లి వచ్చిందైతే పైత్యం కలిసి చేదు తగులుతుంది. ఇది కడుపు దాకా వెళ్లడమే లేదమ్మా," అంది డాక్టరమ్మ.

మర్నాడు మత్తిచ్చి, నోట్లోంచి కెమెరా గొట్టం దించి చూశారు. ముందు రోజు ఆ రొట్టెముక్క తర్వాత నీళ్లు తప్ప ఏమీ ముట్టకపోయినా అన్నవాహికలో పాత తిండి నిలిచే ఉంది. దాన్ని పీల్చి తీసేశాక చూస్తే పుండు లేదు, గడ్డ లేదు. కింద, కడుపులోకి తెరుచుకోవలసిన చోట మాత్రం బిగుసుకుపోయి ఉంది. తర్వాత ముక్కులోంచి సన్నటి తీగలాంటి గొట్టం పెట్టి, చెంచాడు చెంచాడు నీళ్లు మింగించారు. మింగిన ప్రతిసారీ పై నుంచి కిందికి ఒక అల కదలాలట. తెర మీద రంగులు కదలలేదు. తన లోపలి భాగం ఒకటి తనకంటే ముందే చనిపోయి, చప్పుడు చేయకుండా అక్కడే ఉందని ఆమె ఆ తెర చూసి అనుకుంది. ముక్కులో గొట్టం ఉండటం వల్ల ఏడవడం కూడా కుదరలేదు.

ఆఖరున ఎక్స్‌రే మిషను ముందు నిలబెట్టి, సున్నం నీళ్లలా తెల్లగా, చిక్కగా ఉన్న మందు తాగమన్నారు. తాగింది. డాక్టరమ్మ తెర ఆమె వైపు తిప్పింది. నల్లని మసకలో తెల్లటి గొట్టం ఒకటి నిలువునా నిండి ఉంది, అడుగున కొక్కెర ముక్కులా సన్నబడి. ఆమె ఊపిరి తీస్తోంది, గుండె కొట్టుకుంటోంది, ఆ తెలుపు మాత్రం చలించకుండా నిలబడి ఉంది.

"దీన్ని అకలేసియా అంటారు," అంది డాక్టరమ్మ. "అన్నవాహికకు తిండిని కిందికి తోసే శక్తి పోతుంది. అడుగునున్న కండరం తెరుచుకోదు. అందుకే తిన్నది రోజుల తరబడి అక్కడే నిలిచి పులుస్తుంది."

మొగుడు తెర దగ్గరికి వెళ్లి చూశాడు. "అంటే కింది అంతస్తులో తలుపు తెరుచుకోవట్లేదు. జనం మాత్రం పై నుంచి ఎక్కుతూనే ఉన్నారు."

"అంతే. మోటారు కూడా పోయింది. మోటారును మళ్లీ తేలేం. తలుపు మాత్రం తెరవగలం." ఒక దారి, బెలూను పెట్టి ఆ కండరాన్ని సాగదీయడం. ఇంకో దారి, నోట్లోంచే పరికరం పంపి లోపలి నుంచి ఆ కండరాన్ని కోయడం. తర్వాత తిండి దాని బరువుకు అదే జారుతుంది. నిటారుగా కూర్చుని తినాలి, కడుపులో పులుపు ఎగదన్నకుండా మాత్రలు వేసుకోవాలి. ఆమె ఊ కొడుతూ వింటోంది. ఇన్నాళ్లూ లోపల కూర్చున్నదానికి ఒక పేరుందన్న మాటకే కళ్లు చెమర్చాయి.

"ఒకసారి నెమ్మదిగా ముందుకు వంగండి," అంది డాక్టరమ్మ.

వంగింది. తెర మీద తెల్లటి గొట్టం ఒరిగింది. అందులోని తెలుపు చప్పుడు చేయకుండా పాకుతూ గొంతు దాకా వచ్చింది. అదే క్షణంలో నోట్లో మందు రుచి, దాని వెనకే పులుపు.

"వంగి చేసే పనులు మానేయాలి. మీ ఉద్యోగమేమిటి?"

వంగినది వంగినట్టే ఉండిపోయింది. ఆమె కళ్ల ముందు ఆ బల్ల ఉంది. ఆ కొస నుంచి ఈ కొస దాకా కప్పులు. మొదటి కప్పు దగ్గర నడుం అప్పుడే వంచుతుంది, నోరు శుభ్రంగా ఉంటుంది. ఒక్కో కప్పుకూ జరుగుతూ పోయేసరికి లోపల నిలిచింది మెల్లగా నాలుక దాకా పాకుతుంది. వరసలో చివర ఎప్పుడూ ఉండేవి గోదాము కప్పులు.

"ఏమే, ఏమైంది?" అని మొగుడు భుజం పట్టుకుని నిలబెట్టాడు.

"అన్నయ్య పొడి పులవలేదండీ," అంది. "పులిసింది నేను."

*

కోత పెట్టే రోజు ఇంకా రాలేదు. డాక్టరమ్మ ద్రవాలే తీసుకోమంది, వంగొద్దంది. నాలుకమ్మ మొదటి మాట విని, రెండోదాన్ని ఒక్క పూటకు పక్కన పెట్టి కంపెనీకి వెళ్లింది. సరుకు పారబోయడానికి లారీ అప్పటికే వచ్చి వాకిట్లో నిలబడి ఉంది.

"కప్పులు మీరే పెట్టించండి," అంది మేనేజరుతో. "నేను బయటుంటాను. ఏది ఎక్కడ పెట్టారో, దేంట్లో ఏం పోశారో నాకు తెలియకూడదు. గోదాము పొడి మాత్రం చివర పెట్టొద్దు. నీళ్లావిడ, మీరు, అందరూ గదిలో ఉండాలి."

మేనేజరుకు అర్థం కాలేదు గానీ నాలుకమ్మ అడిగితే కాదనే అలవాటు అతనికి లేదు. పిలిచాక ఆమె లోపలికొచ్చి, కళ్లు మూసుకుని, కప్పులను చేత్తో తడుముకుంటూ బల్ల మీదికి వంగింది. జుర్రి, తిప్పి, ఉమ్మేసి, జరిగి, ఒక్కో కప్పుకూ మాట చెప్పుకుంటూ పోయింది. మొదట్లో ఉన్నవి మంచివి. ఒకదాన్ని, "నిలవున్నదే, కానీ చక్కగా నిలిచింది," అంది. సగం దాటాక ఆమె గొంతులో గరగర మొదలైంది. అది అందరికీ వినిపించింది. నీళ్లావిడ ఒకడుగు వెనక్కి వేసింది.

"పులిసింది," అంది నాలుకమ్మ ఒక కప్పు దగ్గర. పక్క కప్పు దగ్గర, "ఇదీ పులిసింది." అన్నిటికంటే చివరిదాన్ని రుచి చూసి ఉమ్మేసింది. "ఇది అన్నిటికంటే బాగా పులిసింది."

నీళ్లావిడ ఆ చివరి కప్పు తీసి వెలుతురులో వంచి చూపించింది. అది తేటగా ఉంది.

"అవి ఉత్త వేణ్నీళ్లక్కా," అంది ఏడుపు గొంతుతో. "నేనే పోశాను."

పులిసిందన్న మిగతా రెండూ ఆ పొద్దున్నే సీలు విప్పిన తోటల కొత్త పొడి. చక్కగా నిలిచిందన్నది గోదాము పొడి. మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు. ఆమె నడుం నిలబెట్టుకుని, మూతి తుడుచుకుని, రోగం సంగతంతా దాపరికం లేకుండా చెప్పింది. సిగ్గుతో చెవులు మండిపోతున్నా ఒక్క ముక్క మింగకుండా చెప్పింది.

మేనేజరు లేచి తలుపు వేశాడు. "ఈ మాట గది దాటకూడదు మేడం. ఇంతకాలం మీరు సరే అన్నవి, వద్దన్నవి, అన్నీ అనుమానంలో పడతాయి. మీ పేరు పోతుంది, కంపెనీ పేరు పోతుంది. లారీని వెనక్కి పంపేస్తాను. అతన్ని ఏదో వంకతో మళ్లీ పన్లో పెట్టుకుంటాను. సరేనా?"

"వంకెందుకు? తప్పు నాదని చెప్పి పిలవండి."

"ఆలోచించండి. రేపు మీకు నయమయ్యాక మళ్లీ ఈ చెంచా మీ చేతికివ్వాలంటే..."

"ఇవ్వకండి," అంది. చెంచాను అతని వైపు జరిపింది. ఆ చెంచా తప్ప ఆమెకు చేతనైన పని లేదు. అయినా తనే వెళ్లి తలుపు తెరిచి, వాకిట్లో హమాలీలందరికీ వినపడేట్టు చెప్పింది. "గోదాము అన్నయ్య సరుకు బాగుంది. పాడైంది నా గొంతు."

*

కోత జరిగింది. బయట ఒక్క గాటు కూడా లేదు. మర్నాడు మళ్లీ ఎక్స్‌రే ముందు నిలబెట్టి మందు తాగించారు. అది నిలబడలేదు. అడుగున దారి చేసుకుని ధారగా జారిపోయింది. ఆమె చూస్తూ ఉండగానే తెర నల్లబడింది. ఆ సాయంత్రం గ్లాసుడు మంచినీళ్లు తాగి, అవి ఎక్కడా ఆగకుండా దిగుతుంటే, చిన్నపిల్లలా ఇంకో గ్లాసు అడిగింది. మొగుడు, "మొత్తానికి లిఫ్టు నడిచింది," అని నర్సుకు చెప్పి, కళ్లు తుడుచుకోవడానికి వరండాలోకి వెళ్లాడు.

ఇంటికి తీసుకెళ్లే రోజున, గోదాము అన్నయ్య ఇంకా పన్లో చేరలేదని నీళ్లావిడ ఫోను చేసి చెప్పింది. కోపం తగ్గలేదేమోనని ఆమె అనుకుంది. కోపమైతే కాళ్లు పట్టుకోవచ్చు. దారిలో వాళ్లింటి దగ్గర ఆటో ఆపించి, మొగుణ్ణి అందులోనే ఉండమని దిగింది.

తలుపు తీసిన గోదాము అన్నయ్య భార్య మొహం పీక్కుపోయి ఉంది. "రండమ్మా. మీరు రావడం మంచిదైంది. మీరు చెబితేనైనా వింటారేమో."

ఆయన ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. బాగా చిక్కిపోయాడు. "మీ ఒంట్లో ఎలా ఉందమ్మా? బాగయిందటగా. చాలా సంతోషం," అన్నాడు. ఆ సంతోషంలో కల్తీ లేదు.

"తప్పంతా నాదే అన్నయ్యా. మీ సరుకుకు ఏమీ కాలేదు. మేనేజరు గారు చెప్పారు కదా?"

"చెప్పారమ్మా."

"మరి రావట్లేదేం?"

ఆయన అరచేతుల వంక చూసుకున్నాడు. కడిగి కడిగి తోలు తెల్లగా పాలిపోయి ఉంది. "మీరు మొదటిసారి అన్నప్పుడు నాకేమీ తెలియలేదమ్మా. పొడి బాగానే ఉందనిపించింది. రెండోసారి అన్నాక పెట్టె తెరిచి చూశాను. సన్నగా ఏదో తగిలింది. గోదాము మొత్తం పట్టేసిందని ఫోన్లో చెప్పినప్పుడు, నిజమే కదా అనుకున్నాను, అప్పటికే నాకు బాగా తెలుస్తోంది. ఇప్పుడు పాలల్లో ఉంది. మంచినీళ్లలో ఉంది. ఈ చేతులకూ ఉంది."

"లేదన్నయ్యా. అది ఎప్పుడూ లేదు. అది నా లోపల ఉండింది."

"అవునమ్మా. అదే చెప్పారు," అన్నాడు మర్యాదగా.

ఆయన భార్య రెండు కప్పుల్లో టీ తెచ్చింది. ఒకటి నాలుకమ్మ అందుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఒక గుక్క నాలుక చుట్టూ తిప్పి, నెమ్మదిగా మింగింది. ఏ లోటూ లేని మంచి టీ. అంత శుభ్రమైన రుచి ఆమె నోటికి ఎన్నాళ్లకు తెలిసిందో.

"బాగుంది," అంది. "నా మీద ఒట్టు. చాలా బాగుంది అన్నయ్యా. తాగండి."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఇదివరకు తీర్పు కోసం గుమ్మంలో నిలబడి చూసిన చూపే అది. "మీరు బాగుందన్నారంటే బాగుండే ఉంటుంది," అని కప్పెత్తి ఒక గుక్క తాగాడు. దవడ బిగుసుకుంది. కళ్లు చిన్నవయ్యాయి. ఆ గుక్కను నోట్లోనే పట్టుకుని, నవ్వడానికి ప్రయత్నించి, బాగుందన్నట్టు తల ఊపాడు. తర్వాత కప్పు జాగ్రత్తగా కిటికీ గట్టు మీద పెట్టి, ఇప్పుడే వస్తానని చేత్తో సైగ చేసి, పెరట్లోకి వెళ్లాడు.

ఉమ్మిన చప్పుడు వినిపించింది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది.

"రోజూ ఇంతేనమ్మా," అంది ఆయన భార్య.

నాలుకమ్మ లేచి పెరటి గుమ్మం దాకా వెళ్లింది. ఆయన అటు తిరిగి, దోసిలితో నీళ్లు పట్టి పుక్కిలిస్తున్నాడు.

"అన్నయ్యా," అని పిలిచింది.

"వస్తున్నానమ్మా," అన్నాడు, కుళాయి కట్టకుండానే.